స్టెంటు వేసిన 9 నెలలకే మళ్ళీ మూసుకుపోయింది. హోమోసిస్టీన్ వల్లేనంటున్నారు, నిజమేనా?

గాజువాక_చిన్నోడు | ఆదివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదువుతూ ఉంటాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

మా నాన్నగారికి 61 ఏళ్లు. విశాఖ స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యారు. షుగరు 14 ఏళ్లుగా ఉంది. కిందటి దసరా ముందు గుండెల్లో నొప్పి వస్తే యాంజియోగ్రాం చేసి, ఎడమవైపు పెద్ద రక్తనాళంలో ఒక స్టెంటు వేశారు. మందు పూత ఉన్నదే. ఇంటికొచ్చాక బాగానే తిరిగారు, సంక్రాంతికి ఊరు కూడా వెళ్ళొచ్చారు.

నెల రోజుల నుంచి మళ్ళీ మొదలైంది. మా ఇల్లు రెండో అంతస్తు. మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగి ఫోను చూసుకుంటున్నట్టు నిలబడుతున్నారు. అది ఫోను చూడటం కాదని అమ్మ కనిపెట్టింది. గట్టిగా అడిగితే, గుండె మీద బండ పెట్టినట్టు ఉంటోందని అప్పుడు చెప్పారు.

మళ్ళీ యాంజియోగ్రాం చేస్తే స్టెంటు లోపలే 80 శాతం సన్నబడిందన్నారు. ఈలోగా ఎవరో చెబితే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే ల్యాబులో పెద్ద ప్యాకేజీ చేయించాం. అన్నింట్లోకీ హోమోసిస్టీన్ 34 అని ఎర్రగా వచ్చింది. 15 లోపు ఉండాలట. మందుల షాపు నడిపే మా చుట్టం ఒకాయన అది చూసి, "దొరికాడు దొంగ! ఫోలిక్ యాసిడ్, బీ6, బీ12 కలిపిన మాత్ర వేసుకుంటే ఇక జన్మలో బ్లాక్ రాదు" అన్నాడు. నిజమేనా? నాన్న ఆ మాత్ర వేసుకుని సింహాచలం గిరి ప్రదక్షిణకి నడిచేస్తానంటున్నారు. 32 కిలోమీటర్లు. మాకు టెన్షన్‌గా ఉంది.

ఉక్కునగరం_మావయ్య | ఆదివారం, రాత్రి 11:05

బాబూ, నాకూ రెండున్నాయి స్టెంట్లు. మొదటిది ఏడాది తిరక్కుండానే సన్నబడితే రెండోది వేశారు. అందుకని చెబుతున్నాను, కంగారు పడకు గానీ తేలిగ్గా మాత్రం తీసుకోకు. గుండె డాక్టరు ఇప్పుడు ఏం చేద్దామన్నారు? అసలు మాట రాయలేదేటి? ఇంకోటి, రక్తం పల్చన చేసే మాత్రలు రెండూ వేసుకుంటున్నారా? ఒక్కపూట కూడా మానకూడదు. మా బ్యాచి మనిషి ఒకాయన కడుపులో మంటని చెప్పి తనంతట తాను మానేశాడు. ఆ కథ ఇప్పుడొద్దులే.

గిరి ప్రదక్షిణ సంగతి, అప్పన్న ఏమీ అనుకోడు. వచ్చే ఏడు నడవొచ్చు.

గాజువాక_చిన్నోడు | ఆదివారం, రాత్రి 11:20

మావయ్య గారూ, మాత్రలు మానలేదు. అమ్మే చేతిలో పెట్టి వేయిస్తుంది. వచ్చే వారం మళ్ళీ లోపలికెళ్ళి చూసి, బెలూనుతో తెరుస్తామన్నారు. ఈలోగా మేం చేయగలిగింది ఏమైనా ఉందేమోనని అడుగుతున్నాను. హోమోసిస్టీన్ రిపోర్టు ఆయనకి చూపిస్తే, "దాని సంగతి తర్వాత" అని పక్కన పెట్టేశారు. అదే అర్థం కాలేదు.

ల్యాబ్_రాజు | సోమవారం, ఉదయం 6:15

డ్యూటీకి వెళ్తూ రాస్తున్నాను. ఇరవై ఏళ్లుగా ల్యాబు పనే. తమ్ముడూ, ముందు ఆ 34 నిజమో కాదో తేల్చుకో.

మూడు విషయాలు చెప్పు. రక్తం ఎన్ని గంటలకి తీశారు? ట్యూబుని ఐస్‌లో పెట్టాడా, మామూలు సంచిలో వేసుకున్నాడా? మీ ఇంటి తర్వాత ఇంకెన్ని ఇళ్ళు తిరిగాడు?

ఎందుకంటే, రక్తం తీశాక కూడా ట్యూబులో ఎర్ర కణాలు బతికే ఉంటాయి. హోమోసిస్టీన్‌ని తయారుచేసి బయటికి వదులుతూనే ఉంటాయి. మామూలు వేడిలో గంటకి సుమారు పదో వంతు పెరుగుతుంది. అందుకే తీసిన వెంటనే ఐస్‌లో పెట్టాలి, గంట లోపు యంత్రంలో తిప్పి, కణాల నుంచి ప్లాస్మా అనే ద్రవాన్ని వేరు చేయాలి. మన ఊళ్ళో జూన్ ఎండలో, బండి డిక్కీలో ఆ ట్యూబు గాజువాక నుంచి ఊరంతా తిరిగిందంటే, రిపోర్టులో మీ నాన్నగారి రక్తం ఎంతో, ఆ డిక్కీ వేడి ఎంతో ఎవడు చెప్పగలడు?

గాజువాక_చిన్నోడు | సోమవారం, ఉదయం 7:02

ఉదయం ఆరున్నరకి తీశాడు. ఐస్ చూసిన గుర్తు లేదు. మా దగ్గర్నుంచి కూర్మన్నపాలెం, అటునుంచి అగనంపూడి వెళ్ళాలని ఫోన్లో ఎవరితోనో అంటున్నాడు.

ల్యాబ్_రాజు | సోమవారం, ఉదయం 7:10

సరిపోయింది.

కెమిస్ట్రీ_మేడమ్ | సోమవారం, ఉదయం 11:30

నేను డాక్టర్ని కాను, డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. పేరు విని భయపడుతున్నారు కాబట్టి ఆ పదార్థమేమిటో చెబుతాను.

హోమోసిస్టీన్ అమైనో ఆమ్లమే గానీ, మన మాంసకృత్తుల్లో ఉండేది కాదు. పప్పు, పాలు, గుడ్డు, చేప ఏది తిన్నా మెథియోనిన్ అనే గంధకం ఉన్న అమైనో ఆమ్లం ఒంట్లోకి వస్తుంది. అది రకరకాల పనులు చేసిపెట్టి, చివరికి హోమోసిస్టీన్‌గా మిగులుతుంది. 1932లో విన్సెంట్ డు విన్యో మెథియోనిన్‌ని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కాచి దీన్ని కనిపెట్టాడు. గంధకం ఉన్న జీవరసాయనాల మీద చేసిన పనికి ఆయనకు 1955లో నోబెల్ వచ్చింది.

మిగిలిన హోమోసిస్టీన్ పోవడానికి రెండు దారులు. ఒకటి వెనక్కి తిరిగి మెథియోనిన్‌గా మారడం. దానికి ఫోలేట్, బీ12 రెండూ కావాలి. రెండోది సిస్టాథియోనిన్ వైపు వెళ్ళి వేరే పదార్థమైపోవడం, దానికి బీ6 కావాలి. ఎన్ఏడీ జంక్షన్లో ఒక రోడ్డు మూసేస్తే బళ్ళు ఎలా పేరుకుంటాయో చూశారుగా, బీ12 తగ్గితే రక్తంలో ఇదీ అలాగే పేరుకుంటుంది. మూత్రపిండాలు సరిగ్గా పనిచేయకపోయినా, థైరాయిడ్ తగ్గినా పెరుగుతుంది.

మీ నాన్నగారు శాకాహారా? షుగరుకి మెట్‌ఫార్మిన్ వేసుకుంటారా?

గాజువాక_చిన్నోడు | సోమవారం, మధ్యాహ్నం 1:15

అవును మేడమ్, రెండూను. మాల వేసుకోవడం మొదలుపెట్టిన కొన్నేళ్ళకి నీచు పూర్తిగా మానేశారు, పదిహేనేళ్ళు దాటింది. గుడ్డు కూడా ముట్టరు. మెట్‌ఫార్మిన్ మొదటి నుంచీ ఉంది. స్టెంటు వేశాక పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర కూడా ఇచ్చారు.

సందేహాల_సత్తిబాబు | సోమవారం, మధ్యాహ్నం 2:40

ఇప్పుడు అసలు కథ నేను చెబుతాను. 1962లో బెల్‌ఫాస్ట్‌లో కొంతమంది పిల్లల మూత్రంలో ఈ హోమోసిస్టీన్ కుప్పలుగా కనిపించింది. పుట్టుకతో వచ్చే జబ్బు. ఆ జబ్బున్న పిల్లలకి చిన్న వయసులోనే రక్తం గడ్డలు కట్టేది. 1969లో అమెరికాలో కిల్మర్ మెక్‌కల్లీ అనే డాక్టరు అలాంటి ఇద్దరు పిల్లల రక్తనాళాలు చూసి, ముసలివాళ్ళవిలా గట్టిపడి ఉన్నాయని రాశాడు. పెద్దవాళ్ళ గుండెజబ్బులోనూ దీని పాత్ర ఉండి ఉంటుందన్నాడు. ఏమైంది? కొలెస్ట్రాలే సర్వస్వం అనుకునే రోజులు. హార్వర్డ్‌లో ఆయన ఉద్యోగం పోయింది. విటమిన్ మాత్ర చవక. స్టెంటు ఖరీదు. ఎవరికి ఏది లాభమో ఆలోచించుకోండి. డాక్టరు రిపోర్టుని పక్కన ఎందుకు పెట్టాడో ఇప్పుడు అర్థమైందా?

తెల్లకోటు | సోమవారం, రాత్రి 9:50

జనరల్ మెడిసిన్ డాక్టర్ని, గుండె స్పెషలిస్టుని కాను. సత్తిబాబు గారు చెప్పిన చరిత్ర నిజమే. ఆయన ఆపేసిన చోటి నుంచి నేను అందుకుంటాను, ఎందుకంటే కథ అక్కడితో అయిపోలేదు.

మెక్‌కల్లీ మాట తర్వాత చాలామంది పట్టించుకున్నారు. హోమోసిస్టీన్ ఎక్కువున్న వాళ్ళలో గుండెజబ్బు ఎక్కువ కనిపిస్తుందని ఎన్నో పరిశీలనల్లో తేలింది కూడా. ఆ తర్వాత వచ్చిన ప్రశ్నే చిన్నోడు అడిగినది. తగ్గిస్తే, తెరిచిన రక్తనాళం తెరిచే ఉంటుందా?

2001లో స్విట్జర్లాండ్ వాళ్ళు 205 మంది మీద చూశారు. అందరికీ అప్పుడే యాంజియోప్లాస్టీ, అంటే బెలూనుతో నాళం తెరవడం, అయింది. సగం మందికి ఆరు నెలలు రోజూ ఫోలిక్ యాసిడ్ 1 మిల్లీగ్రాము, బీ12 400 మైక్రోగ్రాములు, బీ6 10 మిల్లీగ్రాములు ఇచ్చారు. మిగతా వాళ్ళకి ఉత్తుత్తి మాత్ర. ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో 37.6 శాతం మందికి మళ్ళీ సన్నబడితే, విటమిన్ల వాళ్ళలో 19.6 శాతం మందికే సన్నబడింది. దాదాపు సగం! అప్పట్లో పండగే. మీ చుట్టం చెప్పే మాటకి మూలం అదే అయ్యుంటుంది.

మూడేళ్ళకి, 2004లో, ఇంకో అధ్యయనం వచ్చింది. 636 మంది, అందరికీ స్టెంట్లు వేశారు. ఇవే విటమిన్లు, మోతాదు మాత్రం వేరు, మొదట సూది ద్వారా, తర్వాత మాత్రగా. ఫలితం తిరగబడింది. విటమిన్లు తీసుకున్న వాళ్ళలో 34.5 శాతం మందికి మళ్ళీ సన్నబడింది, తీసుకోని వాళ్ళలో 26.5 శాతమే. అంటే మేలు సంగతి అటుంచి, కీడు కనిపించింది. ఆడవాళ్ళలో, షుగరున్న వాళ్ళలో, హోమోసిస్టీన్ 15 దాటిన వాళ్ళలో మాత్రం ఆ కీడు కనిపించలేదు.

రెండూ పేరున్న పత్రికలో వచ్చినవే, ఒకే పత్రికలో. మరి ఎందుకిలా? నాకు తోచిన లెక్క చెబుతాను. ఉత్త బెలూనుతో తెరిచిన నాళం మూడు రకాలుగా సన్నబడుతుంది. సాగదీసిన రబ్బరులా వెనక్కి వచ్చేస్తుంది, గోడ గాయం మానుతూ ముడుచుకుపోతుంది. స్టెంటు వేస్తే ఆ రెంటినీ లోహపు వల ఆపుతుంది. ఇక మిగిలేది ఒక్కటే, గోడలోని కండర కణాలు విపరీతంగా పెరిగి వల సందుల్లోంచి లోపలికి రావడం. కణాలు పెరగాలంటే డీఎన్ఏ కావాలి, దానికి ఫోలేట్ కావాలి. తోటలో కలుపు మొలుస్తుంటే ఎరువు వేసినట్టు అయ్యుండొచ్చు. స్విస్ వాళ్ళ అధ్యయనంలో కొంతమందికి ఉత్త బెలూనే, మేలు ఎక్కువగా కనిపించింది వాళ్ళలోనే. స్టెంటు వేసిన వాళ్ళలో తేడా అంత తేలలేదు.

ఇంకో మాట. ఆ రెండూ మందు పూత లేని రోజుల లెక్కలు. చిన్నోడి నాన్నగారికి వేసిన స్టెంటు పూతలోని మందు చేసే పనే కణాల పెరుగుదలని ఆపడం. కాబట్టి ఆ శాతాలు తెచ్చి ఈయనకి అంటగట్టకూడదు, అటు మంచికీ ఇటు చెడ్డకీ.

సందేహాల_సత్తిబాబు | సోమవారం, రాత్రి 10:30

ఆరు నెలల పరీక్షలతో ఏం తేలుతుంది డాక్టరు గారూ? ఏళ్ళ తరబడి వాడితే గుండెపోట్లు తగ్గుతాయేమో.

తెల్లకోటు | సోమవారం, రాత్రి 10:55

అదీ చూశారు. 2006లో రెండు పెద్ద అధ్యయనాలు వచ్చాయి. ఒకదాంట్లో 5,522 మంది మీద దాదాపు ఐదేళ్ళు చూశారు. రెండోది నార్వేలో గుండెపోటు వచ్చిన 3,749 మంది మీద. హోమోసిస్టీన్ అంకె చక్కగా తగ్గింది. గుండెపోట్లు తగ్గలేదు. మొదటి దాంట్లో పక్షవాతం కొద్దిగా తగ్గింది, అంతే. అంకె తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు. పొగ కనిపించిందని పొగని విసిరితే మంట ఆరదు కదా.

మీరన్న లాభాల మాట నేను కొట్టిపారేయను. స్టెంట్ల రేట్లు 2017లో ప్రభుత్వం పరిమితి పెట్టేదాకా ఎలా ఉండేవో అందరికీ తెలుసు. కానీ ఈ విషయంలో విటమిన్‌ని తొక్కేసింది కంపెనీలు కాదు, ఫలితాలు.

పోర్టు_ఏరియా_కోడలు | మంగళవారం, ఉదయం 9:20

నాకు ఒక్క సందేహం అండి. మా మామగారికీ ఇలాగే ఎక్కువ వచ్చింది, 19. మా అత్తగారు రోజూ తోటకూర, పాలకూర, పొద్దున్నే చోడి (రాగి) అంబలి పెడుతున్నారు. సరిపోదా?

కెమిస్ట్రీ_మేడమ్ | మంగళవారం, ఉదయం 10:05

ఆకుకూరల్లో ఫోలేట్ ఉంటుందమ్మా, పెసలు, శనగల్లో కూడా. ఎక్కువసేపు ఉడికించి నీళ్ళు పారబోస్తే చాలా మటుకు పోతుంది. కానీ మన వైపు శాకాహారుల్లో ఎక్కువగా తక్కువయ్యేది బీ12. అది ఏ ఆకులోనూ, ఏ చోడిలోనూ ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం, అంతే. 2001లో పుణె వాళ్ళ మీద చేసిన అధ్యయనంలో ఎక్కువమందికి హోమోసిస్టీన్ 15 దాటింది, దానికి ముఖ్య కారణం బీ12 లోపమేనని రాశారు.

అంబలి మాత్రం మానిపించకండి, అది వేరే సుఖం.

ఉక్కునగరం_మావయ్య | మంగళవారం, ఉదయం 10:30

ఫిషింగ్ హార్బరు పక్కనుండి చేపలు తినకుండా బీ12 తక్కువైందని ఏడవడం మన ఊరి విచిత్రం. కవళ్ళు, కానాగంతలు పులుసు పెట్టుకుంటే ఏ మాత్రా అక్కర్లేదు. మా ఆవిడ వేపుడు చేస్తే ఇంకా మేలు గానీ, గుండె డాక్టరు వినకూడదు.

చిన్నోడా, మీ నాన్నని బలవంతపెట్టకు. నియమం నియమమే.

నిర్వాహకులు | మంగళవారం, మధ్యాహ్నం 12:00

ఇద్దరు సభ్యులు ల్యాబుల పేర్లు, ఆస్పత్రుల పేర్లు పెట్టారు, తీసేశాం. "నాకు ఫలానా మాత్ర పనిచేసింది, అందరూ వాడండి" అన్న పోస్టు కూడా తీసేశాం.

గాజువాక_చిన్నోడు | గురువారం, రాత్రి 8:45

రాజు గారు చెప్పినట్టే చేశాం. ఇంటికి పిలిపించకుండా నాన్నని పరగడుపున ల్యాబుకే తీసుకెళ్ళాను. ఐస్ అడిగితే అక్కడమ్మాయి నా వంక వింతగా చూసింది, కానీ తెచ్చింది. నా కళ్ళ ముందే యంత్రంలో పెట్టి తిప్పించాను.

హోమోసిస్టీన్ 22 వచ్చింది. 34 ఎక్కడ, 22 ఎక్కడ!
బీ12 138, 200 పైన ఉండాలట.
క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష), థైరాయిడ్ బాగానే ఉన్నాయి.
మూడు నెలల సగటు షుగరు 9.1, ఎక్కువే. దీని గురించి నేను ఇక్కడ ముందు అడగలేదు, అడిగితే బాగుండేదనిపించింది. ఇంట్లో అందరం ఎర్రగా వచ్చిన ఒక్క అంకె చుట్టూ తిరుగుతున్నాం, ఇదేమో పక్కనే కూర్చుని ఉంది.

ల్యాబ్_రాజు | గురువారం, రాత్రి 9:00

22 అంటే ఎక్కువే తమ్ముడూ, కానీ నమ్మదగిన 22.

తెల్లకోటు | గురువారం, రాత్రి 10:20

ఇప్పుడు బొమ్మ కొంచెం కనిపిస్తోంది. బీ12 తక్కువ. పదిహేనేళ్ళ శాకాహారం, పద్నాలుగేళ్ళ మెట్‌ఫార్మిన్, దాని మీద గ్యాస్ మాత్ర. ఇవన్నీ బీ12ని తగ్గించేవే. అలాగని మెట్‌ఫార్మిన్, గ్యాస్ మాత్ర సొంతంగా ఆపేయకండి. రెండు రక్తం మాత్రలు వాడేవాళ్ళకి కడుపులో రక్తస్రావం కాకుండా ఆ గ్యాస్ మాత్ర ఇస్తారు.

బీ12 లోపానికి వైద్యం చేయించాలి, అందులో వాదన లేదు. సూదులా మాత్రలా అన్నది మీ డాక్టరు చెబుతారు. కాళ్ళలో తిమ్మిర్లు, మతిమరుపు, రక్తహీనత, వీటి కోసం చేయించాలి. స్టెంటు తెరిచి ఉంచుతుందన్న ఆశతో కాదు. హోమోసిస్టీన్ దానంతటదే దిగొస్తుంది.

చుట్టం చెప్పిన మాత్రలో బీ12 కూడా ఉందనుకోండి, అయినా లోపం తేలకముందే సొంతంగా మొదలుపెట్టకపోవడం మంచిదైంది. బీ12 తక్కువున్న మనిషికి ఒట్టి ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి. బీ6 కూడా ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే నరాలకే చెడుపు.

మళ్ళీ సన్నబడటానికి నేనైతే ముందు 9.1ని అనుమానిస్తాను. షుగరున్న వాళ్ళకి స్టెంటు మళ్ళీ మూసుకుపోయే ముప్పు ఎక్కువ. తర్వాత స్టెంటు పూర్తిగా విచ్చుకుందా లేదా అన్నది. అది లోపలికి వెళ్ళి చూస్తే గానీ తెలియదు. ఆ సంగతి గుండె డాక్టరుని అడగండి, అడగడంలో తప్పేమీ లేదు.

సందేహాల_సత్తిబాబు | గురువారం, రాత్రి 10:41

బీ12 సంగతి చెప్పింది హోమోసిస్టీనే కదా. అది చూడకపోతే మీరెవరూ బీ12 చేయించేవాళ్ళు కాదు. ఆ మాట కూడా ఒప్పుకోండి.

తెల్లకోటు | గురువారం, రాత్రి 10:44

ఒప్పుకున్నాను. ఇన్నేళ్ళు మెట్‌ఫార్మిన్ వాడుతున్న శాకాహారికి బీ12 ఎప్పుడో చూసి ఉండాల్సింది.

గాజువాక_చిన్నోడు | మరుసటి బుధవారం, సాయంత్రం 6:30

అయిపోయింది. నాన్న ఇంటికొచ్చేశారు.

నాళంలోకి సన్న తీగ లాంటి కెమెరా పంపి చూశారట. తెల్లకోటు గారు అన్నట్టే, స్టెంటు మధ్యలో ఒకచోట పూర్తిగా విచ్చుకోలేదు. అక్కడ సున్నం గట్టిగా పేరుకుని ఉందట. ఆ నొక్కు దగ్గరే కండ పెరిగింది. ముందు గట్టి బెలూనుతో బలంగా తెరిచి, తర్వాత మందు పూసిన బెలూను పెట్టారు. ఇంకో స్టెంటు వేయలేదు. కంప్యూటర్లో ముందూ వెనకా బొమ్మలు చూపించారు. నడుం బిగించి కట్టిన దిండులా ఉన్నది నిండుగా అయింది.

హోమోసిస్టీన్ సంగతి మళ్ళీ అడిగాను. "బీ12 సూదులు మొదలుపెట్టండి, రెండు మూడు నెలలకి మళ్ళీ చూద్దాం, షుగరు డాక్టరు దగ్గరికి మాత్రం ఈ వారమే వెళ్ళండి" అన్నారు. మొదటిసారి ఆయన పక్కన పెట్టేసినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు లేదు, కానీ ఆ రోజే రెండు ముక్కలు చెప్పి ఉంటే మాకు వారం నిద్ర మిగిలేది.

చుట్టం ఫోన్ చేసి మాత్ర వేయిస్తున్నారా అని అడిగాడు. అమ్మ మాట్లాడింది. ఏమందో నాకు తెలియదు, మళ్ళీ చేయలేదు.

ఉక్కునగరం_మావయ్య | బుధవారం, రాత్రి 7:15

చల్లని మాట చెప్పావు. మరి ప్రదక్షిణో?

గాజువాక_చిన్నోడు | బుధవారం, రాత్రి 7:40

ఈ ఏడు లేదు, డాక్టరు ఎదుట ఒప్పించాం. బదులుగా ఎన్ఏడీ దగ్గర వాళ్ళ పాత డిపార్టుమెంటు వాళ్ళు మజ్జిగ పందిరి వేస్తున్నారు. అక్కడ కుర్చీలో కూర్చుని గ్లాసులు అందిస్తానంటున్నారు. నిమ్మరసం పిండే పని కూడా తనదేనట. మీరు నడుస్తుంటే అటు రండి.

ఉక్కునగరం_మావయ్య | బుధవారం, రాత్రి 7:52

నేనూ నడవటం లేదు బాబూ, రెండు స్టెంట్ల వాణ్ణి. పక్కన ఇంకో కుర్చీ వేయించు.